సైకిల్ స్టాండు గోడ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన 'మన బడి - మధుర స్మృతులు' అని అచ్చు వేశారు. మధుర స్మృతులు నాకూ చాలా ఉన్నాయి. ఒంటిపూట బడులు, వేపచెట్టు కింద కుండనీళ్ళు, డ్రిల్లు మాస్టారి ఈల. పొద్దుటి నుంచి మాట్లాడినవాళ్ళు ఇవన్నీ నాకంటే బాగా చెప్పారు. నేను మరో జ్ఞాపకం చెబుతాను. అది మధురమైనది కాదు. ముందుగా మన అధ్యక్షుల వారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "పండగ పూట ఎందుకు లెండి" అన్నారు. తర్వాత "సరే, పదిహేను నిమిషాలు దాటకండి" అన్నారు. వారికి కృతజ్ఞతలు.

ఇది నా క్లాస్‌మేట్ ఒకామెకు సంబంధించిన సంగతి. పేరు చెప్పను. గుర్తుపట్టినవాళ్ళు కూడా దయచేసి పైకి అనకండి. ఈ కాగితాలు ముందు ఆమెకే పంపాను. రెండు వాక్యాలు కొట్టేసి తిప్పి పంపింది. ఆ రెండూ నన్ను నేను మరీ తిట్టుకున్న వాక్యాలు. పక్కన పెన్సిల్‌తో 'అవసరం లేదు' అని రాసింది.

మా పదో తరగతిలో నలభై ఐదు మందిమి. ఆడపిల్లలు పదకొండు మంది. అప్పటి పద్ధతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మాస్టారు రానిదే ఆడపిల్లలు క్లాసులోకి రాకూడదు. స్టాఫ్ రూము పక్క వసారాలో నిలబడి, మాస్టారు బయలుదేరితే ఆయన వెనకే వరసగా వచ్చి కిటికీ వైపు బల్లల మీద కూర్చునేవారు. గంట కొట్టగానే మళ్ళీ ఆయన వెనకే వెళ్ళిపోయేవారు. మేము క్లాసులో ఒంటరిగా ఉంటే ఏం చేస్తామోనని భయపడి పెట్టిన ఏర్పాటు అది. భయపెట్టేది మేము, వసారాలో నిలబడేది వాళ్ళు. ఈ లెక్క తిరగబడి ఉందని నాకు యాభై ఏళ్ళు దాటాక గాని తట్టలేదు. లెక్కల్లో ఫస్టు వచ్చినవాణ్ణి కదా, అందుకని చెబుతున్నాను.

నిజానికి ఫస్టు నేను కాదు. ఆరో తరగతి నుంచి లెక్కల్లో ఆమే ఫస్టు. జామెట్రీలో రైడర్లు మేమంతా కంఠతా పట్టేవాళ్ళం. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి అక్కడికక్కడే ఆలోచించి చేసేది. 1983 డిసెంబరులో హాఫ్ ఇయర్లీ పేపర్లు ఇచ్చినప్పుడు ఆమెకు తొంభై ఎనిమిది, నాకు తొంభై ఒకటి. మా లెక్కల మాస్టారు నా పేపరు చేతికిస్తూ, "ఆడపిల్ల చేతిలో ఓడిపోయావు, పోయి గాజులు తొడుక్కోరా" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆడపిల్లలూ నవ్వారు. ఆ మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన చెప్పిన లెక్కల వల్లే నేను ఇంజనీరునయ్యాను. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ రోజుల్లో అది తిట్టు కూడా కాదు, ఊతపదం. నేను చేసినదానికి ఆ మాట కారణమని కూడా అనను. అదే మాట మరో నలుగురు అన్నారు, నేను చేసింది వాళ్ళెవరూ చెయ్యలేదు.

ఆ సాయంత్రం సైకిల్ స్టాండు వెనక గోడ మీద బొగ్గుతో ఆమె పేరు రాసి, పక్కన సైకిల్ షాపులో పనిచేసే కుర్రాడి పేరు రాశాను. కింద ఇంకో మాట కూడా రాశాను. అది ఇక్కడ చెప్పను. ఆ కుర్రాడి పేరే ఎందుకు రాశానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. అతనికీ ఆమెకూ పరిచయం కూడా లేదు. అతని కులం వేరు. ఆ పేరు రాస్తే మాట ఇంటి గుమ్మం దాకా వెళ్తుందని పదిహేనేళ్ళ వయసులో నాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

వెళ్ళింది. నాలుగో రోజు నుంచి ఆమె బడికి రాలేదు. హెడ్మాస్టారు గోడకు సున్నం కొట్టించారు. ఎవరు రాశారని ఎవరూ వెతకలేదు. మగపిల్లల్లో ఒక్కరినీ పిలిచి అడగలేదు. ఆడపిల్లలందరినీ పిలిచి మాత్రం, తలవంచుకుని బడికి వచ్చి తలవంచుకుని ఇంటికి వెళ్ళండని చెప్పారట. హెడ్మాస్టారు, లెక్కల మాస్టారు ఆమె ఇంటికి వెళ్ళి, పబ్లిక్ పరీక్ష ఒక్కటీ రాయనివ్వమని బతిమాలారు. ఆమె తండ్రి ఒప్పుకోలేదు. ఆ వేసవిలోనే పెళ్ళి చేశారు. ఆడపిల్లకు పెళ్ళి వయసు 18 ఏళ్ళని చట్టం 1978లోనే మారింది. మన ఊళ్ళో ఆ చట్టం గురించి పట్టించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ కుర్రాణ్ణి ఎవరో కొట్టారని విన్నాను. తర్వాత ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది.

పదో తరగతిలో నాకు ఆరు వందలకు ఐదు వందల పన్నెండు వచ్చాయి. హెడ్మాస్టారి గదిలో నల్లబోర్డు మీద పసుపురంగుతో సంవత్సరాల వారీగా ఫస్టు వచ్చినవాళ్ళ పేర్లు ఉంటాయి కదా, 1984 ఎదురుగా ఉన్నది నా పేరు. ఇందాక ఫొటోలు తీసుకుంటుంటే ఒక తమ్ముడు నన్ను ఆ బోర్డు పక్కన నిలబెట్టాడు.

తర్వాత నేను పశ్చాత్తాపంతో కుమిలిపోయానని చెబితే అబద్ధం అవుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఈ సంగతిని జోకుగా చెప్పి నవ్వించాను. ఉద్యోగంలో చేరాక మర్చిపోయాను. 2019లో మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా, ఎవరో కుర్రాళ్ళు దాని ఫొటో తీసుకుని పక్కన వేరే మొహం అతికించి ఫోన్లలో పంచుకున్నారు. నేను మండిపడుతూ కాలేజీకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన టీ ఇప్పించి, "కుర్రాళ్ళు సార్, సరదాకి చేసుంటారు" అన్నాడు. ఆ మాట నాకు కొత్తది కాదు. ముప్పై ఐదేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న మాటే అది. కారు నడుపుకుంటూ ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆ గోడే కనపడింది.

ముందు మా బ్యాచి అమ్మాయి ఒకామెకు ఫోన్ చేశాను. ఇప్పుడు టీచరు. ఆమెకు ఈ కథంతా చెప్పి, "నా కూతురికి జరిగాక గాని ఆ బాధేమిటో తెలియలేదమ్మా" అన్నాను. మెచ్చుకుంటుందని అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆమె, "అయితే నీకు కూతురు పుట్టేదాకా మేము మనుషులం కామా?" అంది. నాకు జవాబు తోచలేదు. మాట మార్చడానికి, ఆ రోజు మాస్టారు గాజులు తొడుక్కోమంటే మీరెందుకు నవ్వారని అడిగాను. "నవ్వకపోతే మీరంతా మా వైపు చూస్తారు కదా" అంది. నలభై ఐదు మంది నవ్వులో పదకొండు నవ్వులకు అర్థం వేరని ఆ రోజు తెలిసింది. నంబరు మాత్రం ఇచ్చింది. "నేనిచ్చానని చెప్పు. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యకు" అంది.

ఆమె మొదటిసారే ఎత్తింది. నేను ఫలానా అని చెప్పాను. "గుర్తున్నారండీ, చెప్పండి" అంది. కాగితం మీద రాసుకున్న మాటలు చదివినట్టే చెప్పేశాను. అవతల మిక్సీ తిరుగుతున్న చప్పుడు ఆగింది.

"అది రాసింది మీరేనని నాకు తెలుసండీ" అంది.

ఎప్పటి నుంచని అడిగాను.

"ఆ రోజు నుంచే. నా నోట్సు పట్టుకెళ్ళి ఎక్కించుకునేవారు కదా. తలకట్టు అక్షరానికి అంటించకుండా పైకి ఎగరేసి పెడతారు మీరు. గోడ మీదా అలాగే ఉంది."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగకూడని ప్రశ్న అని అడిగిన తర్వాత తెలిసింది.

"ఎవరికి చెప్పాలి? మా నాన్నకా? వాడికి నీ నోట్సు ఎందుకిచ్చావనేవాడు."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె మాట్లాడినప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "మా నాన్న 2009లో పోయాడు. ఆఖరిదాకా నిప్పు లేనిదే పొగ రాదనే అనేవాడు. మంచాన పడ్డప్పుడు మూడు నెలలు నేనే చేశాను. అప్పుడూ ఆ మాట పోలేదు ఆయనలోంచి. ఆయన బతికుండగా నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? క్షమించానంటే నీకు నిద్ర పడుతుంది. నాకేం వస్తుంది?"

నేను ఏదో ఒకటి చెయ్యాలన్న తొందరలో, ఆ బోర్డు మీద నా పేరు చెరిపించి ఆమె పేరు రాయిస్తానన్నాను. ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. "రాయని పరీక్షకి ఫస్టు ఎలా వస్తాను? డ్రామాలొద్దు. నీ పేరు అక్కడే ఉండనీ" అంది. ఆ తర్వాత, "ఆ సైకిల్ షాపు అబ్బాయి సంగతి కనుక్కున్నావా?" అని అడిగింది. కనుక్కోలేదు. అసలు తట్టలేదు. ఈ ఆరేళ్ళలో తెలిసినవాళ్ళందరినీ అడిగాను. ఆ కుటుంబం ఆచూకీ దొరకలేదు. ఈ సభలో ఎవరికైనా తెలిస్తే నాకు విడిగా చెప్పండి.

ఫోన్ పెట్టేసే ముందు ఆమె ఒక్కటి అడిగింది. "నాకు చెప్పడం తేలిక. నాకెలాగూ తెలుసు. తెలియనివాళ్ళకి చెప్పు. మీ మగాళ్ళు వందమంది కూర్చున్నచోట చెప్పు." సరేనన్నాను. అది 2019. ఇప్పుడు 2025. మధ్యలో కరోనా రెండేళ్ళు ఒక సాకు. మిగతా నాలుగేళ్ళకు సాకు కూడా లేదు.

ఆ నాలుగేళ్ళలో నేను ఊరికే ఉండలేదు. ఇంకా తేలికైన పని ఒకటి చేశాను. మా ఆఫీసులో మహిళా దినోత్సవం నాడు మైకు పుచ్చుకుని, మగవాళ్ళుగా మనమంతా తప్పులు చేశామని మంచి ఉపన్యాసం ఇచ్చాను. 'మనమంతా' అంటే ఎంత హాయిగా ఉంటుందో! అందరూ చేశారంటే ఎవరూ చెయ్యనట్టే. చప్పట్లు బాగా కొట్టారు. సభ అయ్యాక ఒక జూనియర్ ఇంజనీరు, మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, నా దగ్గరికి వచ్చి, "ఉపన్యాసం బాగుంది సార్. మా సబ్‌స్టేషన్‌లో బాత్రూమ్ తలుపుకి గడియ లేదు" అంది.

వెళ్ళి చూశాను. గడియ ఒక్కటే కాదు. అది 132 కేవీ సబ్‌స్టేషన్. ఇరవై నాలుగు గంటలూ షిఫ్టులు నడుస్తాయి. కంట్రోల్ రూములో బాత్రూమ్ లేదు. ఉన్న ఒక్కటీ ప్రహరీ మూలన, స్విచ్‌యార్డు కంకర దాటి వెళ్ళాలి. రాత్రి షిఫ్టులో ఆ అమ్మాయి టార్చిలైటు పట్టుకుని, గడియ లేని తలుపును లోపలి నుంచి బకెట్ అడ్డం పెట్టి... సరే, మీకు అర్థమైంది. సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేస్తానని చెప్పింది. ఆ కట్టడం ఎస్టిమేటు మీద సంతకం ఎవరిదో చూస్తే, నాదే. అదొక్కటే కాదు, ఎనిమిది సబ్‌స్టేషన్లకు అదే డ్రాయింగు మీద నా సంతకం ఉంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్త్రీలకు మూడో వంతు రిజర్వేషన్ 1996 నుంచి ఉంది. వాళ్ళు వస్తారని మాకు తెలుసు, వచ్చారు కూడా. డ్రాయింగు మాత్రం మారలేదు. నేను ఏ చెడ్డ ఉద్దేశంతోనూ సంతకం పెట్టలేదు. ఆ కాగితం చూస్తున్నప్పుడు నా కళ్ళముందున్న మనిషి మగవాడు, అంతే.

ఆ అమ్మాయి టేబుల్ అద్దం కింద ఒక పాతకాలపు ఫొటో ఉంది. ఎవరని అడిగితే, "అయ్యలసోమయాజుల లలిత గారు సార్. మన బ్రాంచే" అంది. ముప్పై ఏళ్ళు ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేసిన నాకు ఆ పేరు తెలియదు. మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా అందుకున్న తొలి మహిళ, మన తెలుగామె. పదిహేనేళ్ళకు పెళ్ళయింది. పద్ధెనిమిదేళ్ళకు, చేతిలో నెలల బిడ్డతో భర్తను పోగొట్టుకుంది. ఆమె తండ్రి మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన ఆమెను అక్కడే చేర్పించారు. 1943లో పట్టా వచ్చింది. తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లోనూ ఆమె చెయ్యి ఉంది. పదిహేనేళ్ళకు పెళ్ళయిన మా క్లాస్‌మేట్ ఎటూ నాకు గుర్తుకు రాక తప్పలేదు. ఒక తండ్రి తలుపు తీశాడు, ఒక తండ్రి వేశాడు. ఆ రెండోది వేయించినవాణ్ణి నేను.

ఆ పట్టా గురించి ఒక సంగతి ఉంది. అచ్చు కాగితంలో ఇంగ్లీషులో 'హీ' అనే ఉండేదట. చదివేది మగవాడేనని ముందే అచ్చు వేసి పెట్టుకున్నారు. ఆమెకు ఇచ్చేటప్పుడు దాన్ని కొట్టేసి 'షీ' అని చేత్తో రాశారు. ఈ సంగతి విన్నప్పుడు నేను కాలేజీ వాళ్ళను చూసి నవ్వాను. తర్వాత నా డ్రాయింగు గుర్తొచ్చింది. వాళ్ళు కనీసం కొట్టేసి దిద్దారు.

ఆ సబ్‌స్టేషన్‌లో కంట్రోల్ రూముకు ఆనుకుని గడియ ఉన్న తలుపుతో కొత్త బాత్రూమ్ కట్టించాం. డ్రాయింగు మార్చాం. అంత పెద్ద ప్రాజెక్టు ఎస్టిమేటులో అది లెక్కలోకి రాని ఖర్చు. పని అయ్యాక ఆ అమ్మాయి థాంక్స్ చెబుతుందని రెండు రోజులు ఎదురుచూశాను. చెప్పలేదు. మూడో రోజు కొంచెం మనసు చివుక్కుమంది. అప్పుడు ఆలోచిస్తే, ఇన్నేళ్ళలో మగవాళ్ళకు బాత్రూమ్ కట్టించినందుకు నాకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు.

ఈ సావనీరు కోసం సభ్యుల పరిచయాలు అడిగారు. నాది రాసి మా ఆవిడకు చూపించాను. అందులో 'బదిలీల కారణంగా నా భార్య తన బ్యాంకు ఉద్యోగం మానుకోవాలని ఇద్దరం నిర్ణయించుకున్నాం' అని ఒక వాక్యం ఉంది. ఆమె 'ఇద్దరం' చుట్టూ సున్నా చుట్టింది. "ఆ రోజు నేనేమన్నానో గుర్తుందా?" అని అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. "అదీ సంగతి" అంది. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న పుస్తకంలో ఆ వాక్యం 'నా బదిలీ కోసం ఆమె చేత ఉద్యోగం మాన్పించాను' అని ఉంటుంది. అచ్చయిన కాపీ చూసి ఆమె ఏమీ అనలేదు. చదివిన పేజీ మడత పెట్టి బీరువాలో పెట్టింది.

మా బ్యాచి మిత్రులకు ఈ ప్రసంగం సంగతి నెల కిందటే చెప్పాను. నా మంచి కోరేవాళ్ళే. ఒకడు "ఇప్పుడెందుకురా, మానిన పుండు రేపడం" అన్నాడు. ఎవరి పుండు, ఎక్కడ మానింది అని అడిగితే కోపం తెచ్చుకున్నాడు. ఇంకొకడు, ఆ వయసులో అందరం ఏదో ఒకటి రాసినవాళ్ళమే కదా అన్నాడు. అవునేమో. అయితే నేను ఏం రాశానో నేను చెప్పాను. వాడు ఏం రాశాడో వాడు ఇంకా చెప్పలేదు.

ఆమె ఇప్పుడు ఎలా ఉందని మీరు అనుకుంటూ ఉండొచ్చు. కథ చివర బాగుందని విని మనం ఊపిరి పీల్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు, అందుకని కొంచెమే చెబుతాను. పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చాక, 1996లో, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అర్హత పరీక్ష రాసి, వంటింట్లో చదువుకుని బి.ఏ. పూర్తి చేసింది. ఇరవై ఏళ్ళుగా ఇంటి వసారాలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసే కూర్చుంటారు. మాస్టారి వెనక నడిచి వచ్చే పద్ధతి అక్కడ లేదు. "నువ్వు రాయకపోతే ఏమయ్యేదాన్నో ఎప్పుడైనా అనుకుంటావా?" అని మొన్న ఫోన్లో అడిగింది. అనుకుంటానన్నాను. "అనుకోవద్దు. అది నా లెక్క, నేను చేసుకుంటాను" అంది.

ఈ సభకు రమ్మని పిలిచాను. వస్తానని గాని రానని గాని చెప్పలేదు. వచ్చిందో లేదో నాకు తెలిసినా నేను మీకు చెప్పను. కాగితాలు తిప్పి పంపినప్పుడు చివర ఒక వాక్యం చేర్చింది. అది ఉన్నదున్నట్టు చదువుతున్నాను: 'మాట్లాడటం అయ్యాక చప్పట్లు కొట్టొద్దని వాళ్ళకు చెప్పు.'

చెప్పాను. కార్యదర్శి గారూ, మైకు తీసుకోండి.